ఫోన్ మోగితే లేచి నిలబడేవాళ్ళు

పోలీసు ఉద్యోగంలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు నెల్లూరులో మా ఇంటికి వస్తుంటారు. పరుగులో ఎట్లా నెగ్గాలి, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు, ఏ సెక్షన్లు కంఠతా పట్టాలి అని అడుగుతారు. నేను చెప్పేది వాళ్ళకు రుచించదు. ఈ ఉద్యోగంలో సగం ఫోన్ ఎత్తడమే నాయనా అంటాను. దొంగను పట్టుకోవడం పెద్ద పనేం కాదు. పట్టుకున్న కాసేపటికి మోగే ఫోన్‌కు ఏం జవాబు చెప్తావన్నదే అసలు ఉద్యోగం. వాళ్ళు మర్యాదకు నవ్వి, టీ తాగి వెళ్ళిపోతారు. నాకు మాత్రం కుదురుండదు. వరండాలో అటూ ఇటూ తిరుగుతాను. చెప్పాల్సింది చెప్పలేదనిపిస్తుంది. అందుకే రాయడానికి కూర్చున్నాను. ఇందులోనూ ఎంతసేపు కూర్చోగలనో చూడాలి.

ప్రమోషన్లు, మెడల్సు, ఆ గొడవలేవీ ఇక్కడ ఉండవు. కానిస్టేబుల్ కొడుకుగా పుట్టి డీఎస్పీగా దిగిపోయాను, అంతే. నేను చెప్పదల్చుకున్నది ఆ తర్వాత దుబాయ్‌లో చేసిన కొలువు గురించి. 2002 నుంచి 2008 దాకా అక్కడ నా పని పరాయి దేశాల పోలీసు అధికారులకు పాఠాలు చెప్పడం. పాఠం ఒక్కటే. నాయకుల చేయి స్టేషన్లోకి రాకుండా ఎట్లా ఆపాలి. మన దగ్గర ఆపలేక వచ్చినవాణ్ణి అక్కడ పంతులు చేశారు.

అల్ ఖూజ్‌లో బడి

మా బడి అల్ ఖూజ్‌లో ఒక గోడౌన్ పై అంతస్తులో ఉండేది. కింద ఇనుము కోసే వర్క్‌షాపు. పైన నేను చట్టం, నీతి అని మొదలుపెట్టేసరికి కింద కట్టర్ గీమని లేచేది. మా బడిని నడిపే ముదీర్, అంటే మేనేజరు, పేరు నబీల్, జోర్డాన్ మనిషి, వాళ్ళ దేశంలో పోలీసు అధికారిగా చేసి వచ్చాడు. ఉద్యోగానికి వెళ్ళినప్పుడు నా సర్టిఫికెట్లు ముట్టుకోలేదు.

"ఎన్నిసార్లు బదిలీ చేశారు నిన్ను?" అని అడిగాడు.

"లెక్క పెట్టుకోలేదు."

"అదే నీ డిగ్రీ. రేపట్నుంచి రా."

మా దగ్గరకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది, దశాబ్దాలపాటు ఒకే పార్టీ ఏలిన దేశాలవాళ్ళు. ఆ పార్టీ పోయింది, జెండాలు మారాయి, ఎన్నికలు వచ్చాయి. పార్టీ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే తప్ప చేయి కదపని అలవాటు మాత్రం పోలేదు. ఇప్పుడా ఫోన్ మంత్రి ఇంటి నుంచి వస్తుంది, లేదా మంత్రిగారి బావమరిది షాపు నుంచి వస్తుంది. ఈ అలవాటు మాన్పించడానికి ఎవరో విదేశీ దాతలు ఖర్చులు పెట్టుకునేవాళ్ళు. దుబాయ్‌లో పెడితే అధికారులు సంతోషంగా వస్తారని అక్కడ పెట్టారు. అందరూ బంగారం, టీవీలు కొనుక్కుని సంతోషంగానే వెళ్ళేవాళ్ళు.

వాళ్ళ మాట నాకు రాదు, నా మాట వాళ్ళకు రాదు. మధ్యలో సుధాకర్. గుడివాడ అబ్బాయి, అబ్బాయంటే నలభై దగ్గర పడినవాడు. సోవియట్ దేశంలో స్కాలర్‌షిప్ మీద ఇంజినీరింగ్ చదివాడు. "పట్టా చేతికొచ్చేసరికి ఆ దేశమే లేదు సార్" అనేవాడు. బర్ దుబాయ్‌లో ఒక బట్టల షాపులో రష్యన్ టూరిస్టులకు పట్టు గుడ్డ అమ్మేవాడు, మా కోర్సు ఉన్నప్పుడు సెలవు పెట్టి దుబాసీగా వచ్చేవాడు. వాళ్ళ నాన్న ఎర్రజెండా మనిషి. అందుకని నేను ఆ దేశాలను ఏమన్నా అంటే సుధాకర్‌కు కొంచెం గుచ్చుకునేది, అయినా ఉన్నదున్నట్టు తర్జుమా చేసేవాడు.

నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య

నా పద్ధతి చాలా చిన్నది. మన దగ్గర ఒక చిన్న పట్నంలో సీఐగా ఉండగా రేషన్ బియ్యం లారీ పట్టుకున్నాం. అనుకున్నట్టే ఊరి పెద్ద నాయకుడి ఫోన్ వచ్చింది. హెడ్ కానిస్టేబుల్‌ని, రైటర్‌ని, ఫిర్యాదు ఇవ్వడానికొచ్చి బల్ల మీద కూర్చున్న ముసలాయన్ని కూడా దగ్గరికి రమ్మని సైగ చేసి, స్పీకర్ బటన్ నొక్కాను.

"చెప్పన్నా, మావోళ్ళంతా వింటా ఉండారు" అన్నాను.

అవతల ఒకసారి దగ్గాడు. తర్వాత "ఏంలేదు మస్తానూ, రంజాన్ బాగా జరుపుకున్నారా అని చేసినా" అన్నాడు. రంజాన్ వెళ్ళిపోయి అప్పటికి ఆరు నెలలు. ఫోన్ పెట్టేశాడు.

మన దగ్గర సిఫార్సు అంటే చెవిలో చెప్పే మాట. 'మనలో మన మాట' అని మొదలవుతుంది. నలుగురూ వింటుండగా దాన్ని నోట పలకడానికి ఎంతటి నాయకుడికైనా సిగ్గేస్తుంది. ఆ సిగ్గును పట్టుకుని నేను చాలా ఏళ్ళు బతికాను. ఊరికే బతకనిచ్చారని కాదు. లారీ పుణ్యమా అని నన్ను ట్రైనింగ్ కాలేజీకి వేశారు. మన డిపార్టుమెంటులో ట్రైనింగ్ కాలేజీ అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు తెలుసు. మాట విననివాణ్ణి కూర్చోబెట్టే చోటు అది. అక్కడ ఫోన్ మోగదు.

ఈ స్పీకర్ పద్ధతినే దుబాయ్‌లో వచ్చిన ప్రతివాళ్ళకూ నేర్పాను. ఎంతో గర్వంగా నేర్పాను.

ఇరీనా

ఒక చలికాలం కొండల దేశం నుంచి ఒక జట్టు వచ్చింది. అందులో ఇరీనా అనే ఆమె ఒక జిల్లాకు పోలీసు అధిపతి. నలభై దాటిన మనిషి, కురచ జుట్టు, క్లాసులో ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చునేది. జట్టును కనిపెట్టుకుని ఉండటానికి వాళ్ళ హోం శాఖ నుంచి గ్రిగోరీ అనే బొద్దుపాటి మనిషి కూడా వచ్చాడు.

మొదటి రోజు అందర్నీ ఎట్లా వచ్చారని అడగడం నాకు అలవాటు. ఒకాయన పై అధికారిని ఎన్నిసార్లు బతిమాలాడో చెప్పాడు. ఇంకొకాయన భార్య దుబాయ్ పంపించేదాకా వదల్లేదన్నాడు. అందరూ నవ్వారు. ఇరీనా వంతు వచ్చింది.

"నేను రానన్నాను. మళ్ళీ అడిగారు, మళ్ళీ రానన్నాను. ఆర్డరు వేసి పంపించారు" అంది.

చదువంటే బద్ధకమేమో అనుకుని ముందుకు పోయాను. ట్రైనింగ్ కాలేజీలో మగ్గి వచ్చినవాణ్ణి, ఆ ఒక్క మాట వినగానే ఆగాల్సింది. ఆగలేదు.

స్పీకర్ పాఠం చెప్పినప్పుడు అందరూ తెగ మెచ్చుకున్నారు. గ్రిగోరీ లేచి చప్పట్లు కొట్టాడు. క్లాసయ్యాక సుధాకర్ మెట్ల దగ్గర నన్ను ఆపాడు.

"సార్, వీళ్ళు మరీ ఇంత తేలిగ్గా ఒప్పుకున్నారేంటి? నాకెందుకో తేడాగా ఉంది."

"మంచి మాట చెప్తే ఒప్పుకోరా ఏందబ్బా? నువ్వు ప్రతిదానికీ అనుమానపడతావు" అన్నాను.

కల్బా దారిలో

శుక్రవారం అందర్నీ బస్సులో కల్బా తీసుకెళ్ళాం, కొండలకు అవతలి సముద్రం చూపించడానికి. డ్రైవర్ రాజయ్యది జగిత్యాల. కొండల్లోకి వెళ్ళగానే ఒక్కొక్కరూ జేబుల్లోంచి ఫోన్లు తీసి పైకెత్తి చూడటం మొదలుపెట్టారు.

"ఈ గుట్టలు దాటెదాంక సిగ్నల్ రాదు సార్. జెర ఆగుమను" అన్నాడు రాజయ్య.

ఆగలేకపోయారు. పాటలు ఆగిపోయాయి. హోదాలో ఉన్న మనుషులు, ఫోన్ పలకకపోయేసరికి సీట్లలో ఇటు జరిగీ అటు జరిగీ చెమటలు కక్కారు. పైనుంచి పిలుపు వస్తే తాము దొరకమేమోనని భయం. వాళ్ళను చూసి నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే నేనూ అట్లా చాలా ఏళ్ళు కూర్చున్నాను. రంజాన్ నమాజులో కూడా ఒక చెవి జేబు దగ్గరే ఉండేది.

కల్బా ఒడ్డున సిగ్నల్ వచ్చింది. అందరి ఫోన్లూ ఒక్కసారి మోగాయి. ఇరీనా తన ఫోన్ విని, ఇసుకలో నిలబడిపోయింది. సుధాకర్‌ని వెంటబెట్టుకుని వెళ్ళి ఏమైందని అడిగాను. అప్పుడు చెప్పింది.

ఆమె జిల్లాలో కొత్తగా కట్టిన మార్కెట్ పైకప్పు కూలింది. కూరగాయలు అమ్ముకునే ఆడవాళ్ళు చాలామంది దాని కింద పోయారు. కట్టిన కాంట్రాక్టరు ఉపమంత్రికి వియ్యంకుడు. వద్దని ఎన్ని కబుర్లు వచ్చినా ఇరీనా అతన్ని అరెస్టు చేసి లోపల వేసింది. ఆ వెంటనే ఆమెకు దుబాయ్ ఆర్డరు వచ్చింది. వచ్చే వారం కోర్టులో అతన్ని విడిచిపెట్టాలా వద్దా అన్న వాదన ఉంది. అరెస్టు చేసిన అధికారిగా ఆమె నిలబడి వద్దని చెప్పాలి. ఆమె లేకపోతే ఆమె కింది అధికారి నిలబడి, విడిచిపెట్టమంటే సరేనంటాడు. ఇప్పుడు ఫోన్ చేసింది అతనే.

"నా గదిలోనే కూర్చుని మాట్లాడుతున్నాడు. కుర్చీ ఎత్తు ఎట్లా సరిచేసుకోవాలని అడుగుతున్నాడు" అంది ఇరీనా.

సుధాకర్ అది తెలుగులో చెప్తూ నా మొహం చూడలేదు. నాకు ఒళ్ళంతా కారం పూసినట్టయింది. రాజకీయ ఒత్తిడి తగ్గించే కోర్సునే, మాట వినని మనిషిని ఊరు దాటించడానికి వాడుకున్నారు. ఆ ఊరు దాటించిన చోట పాఠం చెప్పేది నేను. ట్రైనింగ్‌కు పంపడమన్న శిక్ష మనకు తెలియనిదా? దాన్ని అనుభవించినవాణ్ణే పంతులుగా కూర్చోబెట్టుకుని అదే శిక్ష వేశారు, నేను పసిగట్టలేదు.

స్పీకర్ నొక్కిన రోజు

రెండు రోజుల తర్వాత క్లాసు మధ్యలో గ్రిగోరీ తన ఫోన్ చేతికిచ్చాడు ఇరీనాకు. ఉపమంత్రిగారే లైన్లో ఉన్నారట. ఇరీనా నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె స్పీకర్ నొక్కి ఫోన్ బల్ల మీద పెట్టింది.

అవతలి గొంతు వినపడగానే క్లాసంతా లేచి నిలబడింది. ఒక్కరు కాదు, అందరూ. కుర్చీలు కిర్రుమన్నాయి. చేతులు పక్కలకు ఆనించి, బల్ల మీది చిన్న ఫోన్ ముందు అటెన్షన్‌లో నిలబడ్డారు. ఆ చప్పుడు అవతలికి వినిపించినట్టుంది. ఉపమంత్రి సంతోషంగా నవ్వి, "కూర్చోండి, కూర్చోండి" అన్నాడు. తర్వాత ఇరీనాతో, ఆమె బాగా చదువుతోందని విన్నానని, అందుకే దీని తర్వాతి కోర్సుకు కూడా ఆమెనే ఉంచేస్తున్నామని, సముద్రపు గాలి ఆరోగ్యానికి మంచిదని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొందరు నిజంగానే అభినందించారు. ఆమె చేయి కలపలేదు.

నా పద్ధతి అక్కడికి చచ్చింది. మన నాయకుడు నలుగురి ముందు సిగ్గుపడతాడు. వాళ్ళ నాయకుడికి ఆ నలుగురే బలం. పైవాడు ఫోన్ చేశాడంటే నలుగురికీ వినిపించేలా మాట్లాడటమే అక్కడ ఎప్పట్నుంచో గొప్ప. అందుకే నా పాఠానికి అంత సంతోషంగా చప్పట్లు కొట్టారు. నేను విరుగుడు అనుకున్నది వాళ్ళకు పండగ భోజనం. సుధాకర్ ముందే అన్నాడు, నేను వినలేదు.

ఇరీనా వెళ్ళిపోతానంది. టికెట్ తానే కొనుక్కుంటానంది. కానీ వీసా పనుల కోసమని అందరి పాస్‌పోర్టులూ నబీల్ బీరువాలో ఉండేవి. దుబాయ్‌లో మనవాళ్ళ పాస్‌పోర్టులన్నీ వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరే కదా, ఎవరికీ వింతగా తోచేది కాదు. నేను నబీల్ గదికి వెళ్ళి అడిగాను.

"నాకు ఫోన్ వచ్చింది మస్తాన్" అన్నాడు.

"ఎక్కణ్ణుంచి?"

"వాళ్ళ శాఖ నుంచి. కోర్సులు పూర్తయ్యేదాకా ఎవరినీ పంపొద్దన్నారు. వాళ్ళు జట్లను పంపితేనే ఈ బడి. ఖలాస్."

ఎదురు చెప్పబోయాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, తలుపు వేసి వెళ్ళమన్నాడు. గొడవపడితే నా వీసా కూడా ఆయన చేతిలోదే. కిందికి దిగి ఇనుప చువ్వల మధ్య తిరగసాగాను.

"ఏమైంది సార్, కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?" అని వెల్డింగ్ చేసేవాడు అడిగాడు. ఆ తిరుగుడులోనే నాకు కాఫీ గుర్తొచ్చింది.

కాఫీ

నబీల్‌కు ఒక అలవాటు. ప్రతి బుధవారం క్లాసు ముగిశాక తానే ఇత్తడి పాత్రలో గహ్వా, అంటే వాళ్ళ కాఫీ, తెచ్చి, తనకు పెద్ద హోదా ఉన్నా పనివాణ్ణి ముట్టుకోనివ్వకుండా, ఒక్కొక్కరికీ చిన్న కప్పులో పోసేవాడు. పోస్తూ వాళ్ళ తాత గుడారం సంగతులు చెప్పేవాడు. అతిథి కప్పు తాగకుండా కింద పెట్టాడంటే ఏదో కోరిక ఉందని అర్థమట. ఇంటాయన దాన్ని తీరుస్తానని మాట ఇచ్చాకే అతిథి తాగుతాడు. తాగకుండా లేచి వెళ్ళిపోతే, ఆ ఇంటి పరువు ఎడారి అంతా పాకుతుందట. ఆ కథ చెప్పేటప్పుడు నబీల్ గొంతు మారిపోయేది.

సుధాకర్ చేత ఇరీనాకు కబురు చెప్పించాను.

"ఇది మోసం కాదా అని అడుగుతోంది సార్" అన్నాడు.

"ఆయన తాత మర్యాదే కదా, మోసమేంది? నిజంగా అవసరం ఉండబట్టే గదా అడిగేది. అట్టా చెప్పు."

బుధవారం వచ్చింది. నబీల్ కప్పులు పోస్తూ వచ్చాడు. ఇరీనా కప్పు అందుకుంది, తాగలేదు. లేచి నిలబడి దాన్ని బల్ల మీద పెట్టి రెండు చేతులూ ముందు కట్టుకుంది. నబీల్ రెండడుగులు దాటి వెనక్కి చూశాడు. మిగతావాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. నబీల్‌కు మాత్రం అర్థమైంది. మొహం నల్లబడింది. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

"తాగమను" అన్నాడు సుధాకర్‌తో.

"ముందు అడగాలంటోంది ముదీర్" అన్నాడు సుధాకర్.

కింద కట్టర్ అప్పుడే ఆగింది. నబీల్ చేతిలోని పాత్రను బల్ల మీద పెట్టాడు.

"అడుగు."

"నా పాస్‌పోర్టు. ఇంటికి వెళ్ళాలి."

గ్రిగోరీ ఏదో అనబోయాడు. నబీల్ చేయెత్తి ఆపాడు. ఫోన్‌లో మాట ఇవ్వడం వేరు. తన చేత్తో పోసిన కాఫీ ముందు అతిథి నిలబడి ఉండటం వేరు. "తాగు. ఇచ్చాను" అన్నాడు. ఆమె ఒక్క గుక్కలో తాగింది. ఆయన స్వయంగా వెళ్ళి బీరువా తీసి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అంతటితో వదల్లేదు. తన కారులోనే విమానాశ్రయానికి పంపాడు.

నాతో మాత్రం చాలా రోజులు మాట్లాడలేదు. ఒకరోజు మెట్లెక్కుతూ ఎదురుపడి, "నా కాఫీతోనే నన్ను పట్టించావు" అన్నాడు. కోపమో మెచ్చుకోలో నాకిప్పటికీ తెలియదు. ఉద్యోగం మాత్రం తీయలేదు.

పిల్లలూ, నేను తెలుసుకున్నది ఇదే. ఎక్కడికైనా పనికొచ్చే పద్ధతి అంటూ ఏదీ లేదు. పైవాణ్ణి ఎదిరించే ముందు అతను దేనికి సిగ్గుపడతాడో, ఎవరి ముందు సిగ్గుపడతాడో కనుక్కోండి. కొందరికి అసలే ఉండదు. అప్పుడు మీరు నష్టపోతారు. ఆ సంగతి దాచి మీకు ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. ఇంకొకటి. మిమ్మల్ని మెచ్చుకుని ఎక్కడికన్నా పంపిస్తుంటే, మీ బల్ల మీద ఏ కేసు ఉందో ముందు చూసుకోండి.

బర్ దుబాయ్‌లో మధ్యాహ్నం

ఆ తర్వాతి వారమంతా నాకు అన్నం సయించలేదు. కోర్టు రోజు దాటింది. కబురు లేదు. రోజూ మధ్యాహ్నం అల్ ఖూజ్ నుంచి బర్ దుబాయ్ వచ్చి, సుధాకర్ షాపులో గుడ్డల తానుల పక్కన కూర్చునేవాణ్ణి. కూర్చునేవాణ్ణి అంటే నిజం కాదు, గుమ్మానికీ కౌంటర్‌కూ మధ్య తిరిగేవాణ్ణి.

"కస్టమర్లు భయపడుతున్నారు సార్, ఒక్క నిమిషం కూర్చోండి" అనేవాడు సుధాకర్.

అట్లాంటి ఒక మధ్యాహ్నం షాపు ఫోన్ మోగింది. ఇరీనా. సుధాకర్ చెవికి ఆనించుకుని, మాట మాటకూ ఆగి నాకు చెప్తూ వచ్చాడు. దిగిన రోజే ఆమెను పదవి నుంచి తీసేశారట. క్రమశిక్షణ తప్పి కోర్సు వదిలి వచ్చినందుకట. యూనిఫాం కూడా ఇచ్చేయమన్నారట. అయితే అరెస్టు చేసిన అధికారిని జడ్జి ఆమె పేరు పెట్టే పిలిపించాడు, పదవి పేరుతో కాదు. మామూలు బట్టల్లో వెళ్ళి నిలబడింది. పైకప్పు కింద దొరికిన ఇనుప చువ్వలు ఎంత సన్నవో, వద్దని ఎవరెవరు చెప్పి పంపారో అన్నీ చెప్పింది. జడ్జి కాంట్రాక్టరును విడిచిపెట్టలేదు. ఎందుకు విన్నాడో ఆమెకూ తెలియదు.

"'వాడు లోపలే ఉన్నాడు, నేనే బయట ఉన్నాను' అంటోంది సార్" అన్నాడు సుధాకర్.

"తిరిగి పోయినందుకు బాధపడతా ఉందేమో అడుగు" అన్నాను.

అడిగాడు. అవతల ఆమె చాలాసేపు మాట్లాడింది. సుధాకర్ మధ్యలో చెప్పడం మానేసి ఊరికే వింటూ నిలబడ్డాడు. ఫోన్ పెట్టేసి, కౌంటర్ మీది గుడ్డ మడత పెట్టసాగాడు.

"ఏమనింది అబ్బాయ్?"

"దానికి జవాబు చెప్పలేదు సార్. కోర్టు బయట చచ్చిపోయినవాళ్ళ ఇంటివాళ్ళు మంచులో నిలబడి ఉన్నారట. ఆమె బయటికొస్తే ఎవరూ ఏమీ అనలేదట. చప్పట్లు లేవు, ఏడుపుల్లేవు. ఒక ముసలామె మాత్రం దగ్గరికొచ్చిందట. కూతురు పోయిందట ఆమెకు. ఏమీ మాట్లాడకుండా, చలి పెడుతుందని, ఈమె కోటు గుండీలు పైదాకా పెట్టి వెళ్ళిందట."